ఆకులు అడ్డమన్నందుకు

చెట్టుకు కొమ్మలు ఎక్కడెక్కడ చీలాయి, ఏ కొమ్మ ఎంత వంపు తిరిగింది అని లేజరుతో కొలవడం నా పరిశోధన. ఈ మాట చెబితే గుడియాత్తంలో మా నేతవాళ్ల వీధిలో ఎవరూ నవ్వరు, మర్యాదస్తులు. "దానికి గవర్మెంటు దుడ్డు ఇస్తాదా?" అని మాత్రం అడుగుతారు. ఇస్తుందంటే అప్పుడు నవ్వుతారు.

వేలూరులో మా యూనివర్సిటీ ఆవరణలో చెట్లకేం కొదవ లేదు. కానీ పెద్దమనిషి ఎవరైనా వస్తున్నాడంటే చాలు, తోటపనివాళ్లు వాటికి క్షవరం చేసేస్తారు. పోనీ అడవిలో కొలుద్దామంటే అనుమతి కాగితం ఏ బల్ల మీద నిద్రపోతోందో ఆ దేవుడికే తెలియాలి. అందుకని మా ఇంటి ముందున్న వేపచెట్టునే సైన్సుకు అప్పగించాను. అది వద్దనలేదు.

పని చూడడానికి సులువే. ముక్కాలి స్టాండు మీద యంత్రాన్ని పెడితే అది గిరగిరా తిరుగుతూ కంటికి కనపడని కిరణాలు వదులుతుంది. కిరణం తగిలిన చోటల్లా ఒక చుక్క. చెట్టు చుట్టూ నాలుగు వైపులా పెట్టి ఆ చుక్కలన్నీ కలిపితే కంప్యూటర్లో చెట్టు లేచి నిలబడుతుంది. గాలి వీచకూడదు, ఎవరూ అడ్డం రాకూడదు. మా వీధిలో!

మొదటిసారి వానాకాలంలో, చెట్టు నిండా ఆకు ఉన్నప్పుడు పెట్టాను. రోడ్డు వెడల్పు చేసే సర్వేవాళ్లు వచ్చారనుకుని ఎదురింటామె తన అరుగు మీద అడ్డంగా కూర్చుని లేవనే లేదు. చెట్టు కిందేమో వీధి పొడవునా నేతకు పడుగు పోగులు సాగదీసి గంజి పెడుతున్నారు. ఆ పోగుల్ని కూడా కంప్యూటరు కొమ్మలే అనుకుంది. వీధి చివరిదాకా పోయే కొమ్మ ఉన్న వేప ప్రపంచంలో ఇదొక్కటే. మా గైడు గారు ఆ బొమ్మ చూసి "అద్భుతం" అన్నారు.

ఇక కావలసింది రెండో కొలత, ఆకులు లేని చెట్టుది. ఆకు చాటున దాగిన కొమ్మలు అప్పుడే తేలుతాయి. చలి తగ్గగానే వేప ఆకు రాల్చి కొన్నాళ్లు బోడిగా నిలబడుతుంది. ఆ కొన్నాళ్లలోనే యంత్రం రావాలి. అది వేరే ఊరి కాలేజీది. అరువడగాలంటే గైడు గారి సంతకం కావాలి. గైడు గారు చెట్లను కాపాడుకోవడం గురించి ప్రసంగించడానికి విమానమెక్కి ఎటో వెళ్లారు. ఆయన తిరిగొచ్చి సంతకం పెట్టేసరికి చెట్టు చిగురు పెట్టేసింది. ఆ ఏటితో నా ఉపకారవేతనం ఆఖరు. ఈ కొలత లేకపోతే డాక్టరేటు లేదు.

ఇంటికొచ్చి మా నాయన ముందు కూలబడ్డాను. మా నాయన లుంగీలు నేస్తాడు. మోకాళ్లు అరిగిపోయినా మగ్గం గుంటలోంచి లేవడు.

"ఈ ఆకులే నాయనా అడ్డం. ఇవి నా కొంప ముంచినాయి," అన్నాను.

"ఆకులు లేకుంటే చాలునా?"

"చాలు," అన్నాను. నా నోరు పడిపోను.

మరునాడు వేలూరు పోయి, అప్పటికి మా డిపార్టుమెంటుకు చేరిన యంత్రం తీసుకుని మధ్యాహ్నానికి ఆటో దిగాను. చెట్టు మోడు చేతులెత్తి నిలబడి ఉంది. కింద మేకలు కడుపులు ఉబ్బి కూర్చున్నాయి. మేకలాయన దోటి కొడవలి తుడుచుకుంటూ "ముడింజిడుచ్చమ్మా" అన్నాడు తమిళంలో, పని అయిపోయిందని. అయిపోయింది, నిజమే. మా నాయన అరుగు మీద పెళ్లికొడుకులా కూర్చున్నాడు.

"ఒక్క ఆకు లేదు. కొలుచుకో!"

"కొమ్మలు యాడ నాయనా?"

"కొమ్మలు కొట్టకుండా ఆకులు ఎట్ల వస్తాయమ్మా కిందికి?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వీధి వీధంతా వింటుండగా అరిచాను. "నా గొంతు కోసినావు! నూలు తప్ప ఏం తెలుసు నీకు? నా చదువు జోలికి ఎవురు రమ్మనిరి నిన్ను?" మా నాయన అరుగు మీంచి లేచి లోపలికి పోయాడు. ఆ రోజు మగ్గం చప్పుడు వినపడలేదు.

వచ్చిన యంత్రం ఊరికే పోవడమెందుకని ఆ మోళ్లనే కొలిచాను, ఏడుస్తూనే. గైడు గారు ఫోన్లో "ఎవరు చేయమన్నారు ఈ అనాగరికమైన పని?" అని నిలదీశారు. పేరు చెప్పలేదు నేను.

ఆ సాయంత్రం నుంచి మా నాయన గంజి కుండలు కడిగిన నీళ్లు మోసుకొచ్చి చెట్టు మొదట్లో పోయడం మొదలుపెట్టాడు. మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ. నాతో అవసరానికి మించి ఒక్క మాట లేదు. తాను పిలిపించిన మేకలాయన్నే కర్రతో అదిలించాడు. ఆడి నెలకు, అంటే ఆషాఢానికి, కొట్టిన ప్రతి మోడు నుంచీ గుత్తులుగా కొమ్మలు వచ్చాయి. మళ్లీ బతిమాలి యంత్రం తెచ్చి వాటినీ కొలిచాను. కొట్టకముందు, కొట్టినాక, మళ్లీ పెరిగినాక. ఒకే చెట్టుకు ఇలాంటి మూడు కొలతలు మా డిపార్టుమెంటులో ఎవరి దగ్గరా లేవు. కొట్టేసిన వేప తన కొమ్మల్ని తిరిగి ఎలా కట్టుకుంటుందన్నదే నా సిద్ధాంతవ్యాసమైంది. ఉపకారవేతనం ఆగినా రాసి పారేశాను.

వేలూరులో చివరి పరీక్షకు మా నాయన ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, చెట్టును కొట్టించి చూడాలన్న ఆలోచనే ఈ పనికి ప్రాణమన్నాడు. గైడు గారు లేచారు. ఆ ఆలోచన మొదట్నుంచీ తనదేనని ఇంగ్లీషులో సవినయంగా మనవి చేసుకున్నారు. చప్పట్లు. నేనూ కొట్టాను. పట్టా ఇంకా చేతికి రాలేదు కదా.

తిరుగు బస్సులో కాట్పాడి దాటాక మా నాయన అడిగాడు.

"మీ సారు లేసి ఏమో చెప్పె, అందురూ చప్పట్లు కొట్టిరే. ఏం చెప్పినాడు?"

"చెట్టు కొట్టించింది తానేనంట నాయనా."

కోప్పడతాడనుకున్నాను. పంచె ఇస్త్రీ నలగకుండా సర్దుకున్నాడు.

"అట్లనా. అయితే ఆ పొద్దు నువ్వు వీధిలో తిట్టిన తిట్లు గూడా ఆయనవే కదమ్మా. తీసకపోయి ఇచ్చెయ్యి. ఇన్నాళ్లూ నేనే పెట్టుకోని ఉండాను."