కుళ్ళాయిస్వామి ఫోల్డరు

బత్తలపల్లె గోవిందప్ప ముప్పై దాటాక పరిశోధక విద్యార్థి అయ్యాడు. అంతకు ముందు రాప్తాడులో సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాడు. మండలంలోని బోర్లన్నిటినీ కంప్యూటర్లో పటంగా గీయడం ఆయన తలకెత్తుకున్న మహత్కార్యం. నీళ్ళు పడిన బోరుకు నీలం చుక్క, పడనిదానికి ఎర్ర చుక్క. ఇందులో ఆయన బంధుప్రీతి చూపలేదు. సొంత తండ్రి బయ్యన్న వేయించిన బోర్లన్నిటికీ ఎర్ర చుక్కలే పెట్టాడు.

"నా బోర్ల సంగతి ఊరందరికీ చూపిచ్చల్లా ఏమిరా?" అని బయ్యన్న అడిగితే, "పేర్లు రాయలేదులే నాయనా, ఉట్టి చుక్కలే" అని ఓదార్చాడు.

అనంతపురం క్యాంపస్ ల్యాబులో కంప్యూటర్లు అందరివీ. అంటే ఎవరివీ కావు. పటాలు గీసే సాఫ్ట్‌వేరు కిటికీ పక్కనున్న దాంట్లోనే సరిగ్గా నడుస్తుంది. దాని డి డ్రైవ్ ఎప్పుడూ నిండే ఉంటుంది. కొత్తవాళ్ళకు చోటు కావాలంటే పాతవాళ్ళ ఫోల్డరు ఏదో ఒకటి లేపేయాలి. లేపేసినవాళ్ళు ఆ తర్వాత "నీదని తెలీదన్నా" అని ఎంతో మర్యాదగా చెబుతారు. పెన్‌డ్రైవులో దాచుకుందామంటే, వైరస్ భయంతో అది గుచ్చే కంతలన్నిటికీ టేపు అంటించి ఉంది.

గోవిందప్ప పని ఇలా ఒకసారి గంగలో కలిసింది. ధర్మవరం బస్సులో కిటికీలోంచి టవలు వేసి సీటు పట్టిన అనుభవంతో ఇక్కడా కుర్చీ మీద టవలు వేసి చూశాడు. కుర్చీ వరకే దక్కింది.

మళ్ళీ మొదటి నుంచి గీశాడు. ఇచ్చిన గడువులన్నీ అయిపోయాయి. బయటి నుంచి పరీక్షకుడు వచ్చిన రోజు పటం తెర మీద కనబడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. మళ్ళీ రాప్తాడు, మళ్ళీ స్క్రూడ్రైవరు.

పరీక్షకుడు వచ్చే ముందురోజు సాయంత్రం గోవిందప్పకు భయంలోంచి జ్ఞానోదయమైంది. తన ఫోల్డరుకున్న "బోర్లు" అన్న పేరు తీసేసి "గూగూడు కుళ్ళాయిస్వామి" అని పెట్టాడు. పీర్ల పండక్కి హిందువులూ ముస్లిములూ ఒకే వరసలో నిలబడి చక్కెర చదివించుకునే స్వామి ఆయన. ఆ పేరు మీద డిలీట్ నొక్కే వేలు అనంతపురంలో ఇంకా పుట్టలేదని గోవిందప్ప లెక్క.

లెక్క తప్పలేదు. తెల్లారి వచ్చి చూస్తే ఫోల్డరు పదిలంగా ఉంది. పటమే లేదు. తెర మీద తెల్ల కాగితం, పక్కన వరసగా ఎర్రటి ఆశ్చర్యార్థకాలు.

"ఏమప్పా జాకబూ, నా ఫోల్డరు ముట్టుకున్న్యావా?"

పక్క కంప్యూటర్లో తాడిపత్రి రాతి గనుల పటం గీస్తున్న జాకబ్ ఉలిక్కిపడ్డాడు. "ఒట్టన్నా! మేం చర్చికి పోతాం గానీ, మాయమ్మ ఏటేటా గూగూడుకు గూడా పోతాది. ఆ పేరు జోలికి నేనెట్ల పోతా?" అని, తెర వైపు మెడ సాచి చూసి, "అయినా బాగుండాది కదన్నా. ఎర్ర చుక్క ఒక్కటీ లేదు. బత్తలపల్లె బాగుపడినట్టే."

"నవ్వొద్దురా. పరీక్ష సారు వచ్చేసినాడు. హెడ్డు రూములో టీ తాగతాండాడు."

గోవిందప్ప జూనియర్ లహరి వచ్చి చూసింది. "అన్నా, ఫోల్డరు పేరు ఎప్పుడు మార్చినావు?"

"నిన్న."

"మార్చినాక పటం తెరిచి చూసినావా?"

"దేవుని పేరు పెట్టినాక మళ్ళా పరీక్ష చేస్తారా పాపా?"

లహరి తల కొట్టుకుంది. "ప్రాజెక్టు ఫైల్లో చుక్కలుండవన్నా. అవి యాడుండాయో ఆ అడ్రసు ఒకటే ఉంటాది. నువ్వు ఇంటికి బోర్డు మార్చేసినావు. అది పాత పేరు కోసం ఈదంతా తిరుగుతాండాది. పాత పేరే మళ్ళా పెట్టు, అంతే."

గోవిందప్ప చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. పేరు పెట్టడం సులువే. స్వామి పేరు తుడిచేయడం వాళ్ళ ఇంటావంటా లేదు.

"స్వామికి కోపమొస్తే?"

"పెట్టింది నువ్వు, తీయాల్సింది నువ్వు. నన్ను మధ్యలోకి లాగొద్దు" అని జాకబ్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

వరండాలో హెడ్డు గొంతు వినబడింది. టీ అయిపోయినట్టుంది. గోవిందప్ప చెప్పులు విడిచాడు. కీబోర్డును కళ్ళకద్దుకున్నాడు. "స్వామీ, ఈ పని కానీ. నీకు వేరే ఫోల్డరు చేసిస్తా, చక్కెర చదివిస్తా" అని మొక్కుకుని, పాత పేరు కొట్టి, పటం మళ్ళీ తెరిచాడు.

బత్తలపల్లె మండలం ఒళ్ళంతా అమ్మవారు పోసినట్టు ఎర్రెర్రగా తెర నిండా పొంగింది. సొంత ఊరి బోర్లు ఎండిపోయాయని మనిషి ఇంతగా సంతోషించడం చరిత్రలో అరుదు.

పరీక్షకుడు లోపలికి వచ్చి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎర్ర చుక్కలు కాస్త ఎక్కువ పెట్టినట్టున్నారే?"

"నేను పెట్టింది చుక్కలే సార్. బోర్లు మావోళ్ళు వేసినారు."

ఆయన కళ్ళజోడు తీసి, సరేనని కాగితం మీద సంతకం పెట్టాడు.

గోవిందప్ప మొక్కు తీర్చుకున్నాడు. "తినుబండారాలు నిషిద్ధం" అన్న బోర్డు కిందే నిలబడి చక్కెర పంచాడు. కిటికీ పక్క కీబోర్డులో చీమలు ఇప్పటికీ కాపురముంటున్నాయి. డి డ్రైవులో స్వామి పేరిట ఖాళీ ఫోల్డరు ఒకటుంది. ఎంత ఇరుకైనా దాన్ని ఎవరూ తీయరు. లహరి గోడకు కాగితం అంటించింది: "దేవుళ్ళ పేర్లు పని మొదలుపెట్టే ముందే పెట్టుకోవలెను. మధ్యలో మార్చరాదు."

పరీక్ష గట్టెక్కిన రాత్రి ఇంట్లో సంగతంతా విని బయ్యన్న వేళ్ళ మీద తన బోర్లు లెక్కపెట్టుకున్నాడు.

"ఎర్ర చుక్కలకు డాక్టరు పట్టా ఇస్తారా? ముందే చెప్పింటే ఇంకో బోరు వేపిచ్చింటి కదరా."