తండ్రి చేప వంతు

ఈ సాయంత్రం పాపకు జలుబు చేస్తే జూబ్లీహిల్స్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఒట్టి జలుబే అయినా నా మనసు న్యుమోనియా దాకా వెళ్లి వచ్చింది. పాప మాత్రం గోడలో అమర్చిన గాజు తొట్టెలో పళ్లేల్లా గుండ్రంగా తిరుగుతున్న డిస్కస్ చేపల్ని చూసి కాళ్లు తన్నుకుంది. ఆ చేపల్ని నేనెరుగుదును. పెళ్లికి ముందు, డిగ్రీ అయిపోయి ఏం చేయాలో తోచని రోజుల్లో, బోరబండలో పుట్టి పెరిగిన మా వదిన నన్ను ఫిలింనగర్ వాలులో చేపల పెంపకం నేర్పే శిక్షణ కేంద్రానికి లాక్కెళ్లింది. అక్కడ పాఠాలు తక్కువ, తడవడం ఎక్కువ. సెల్లార్ నిండా తొట్టెలు, నాచు వాసన, బుడబుడమనే గాలి గొట్టాలు. నీళ్లు మార్చి, అద్దాలు తుడిచి, మేత వేసి చేప నోటికేసి చూస్తూ నిలబడేవాళ్లం. చేప మేత ముట్టలేదంటే నాకు ఇంటికెళ్లినా అన్నం సయించేది కాదు.

ఒక డిస్కస్ జంట మాత్రం మమ్మల్ని ఏడిపించింది. పెట్టిన గుడ్లన్నీ ప్రతిసారీ అవే తినేసేవి. విసిగిపోయి, మాకు నేర్పే మేడమ్ ఆ జంటను ఒక సినిమా సెట్టుకు ఇస్తానని మాటిచ్చారు. పండగ సెలవులయ్యాక మేం వెళ్లేసరికి, సెలవులకు ముందు అవి గుడ్లు అంటించిన మట్టి కుండీ మళ్లీ ఖాళీ. పైగా తల్లి చేప ఒంటినిండా సన్నటి నల్ల నలుసులు, కదులుతూ.

"గిదేందే, పురుగులు వట్టినయ్!" అంటూ వదిన ఉప్పు డబ్బా అందుకుంది. చేపకు పురుగు పడితే ఉప్పే మొదటి మందని మాకు నేర్పారు మరి.

"ఆగండి, చెయ్యి పెట్టకండి!" మేడమ్ గొంతు తగ్గించే అరిచారు. "అవి పిల్లలండీ. తల్లి ఒంటిమీద ఊరే జిగురే వాటికి పాలు. బెదిరిందంటే ఇప్పుడైనా మింగేస్తుంది."

అంతలో సెట్టు మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. "ఏంటి మేడమ్, ప్యాక్ చేశారా? రేపు హీరోయిన్ బెడ్‌రూం సీను."

మేడమ్ పెదాల మీద వేలు పెట్టుకుని తొట్టె చూపించారు. మా కళ్ల ముందే తల్లి చేప ఒళ్లు విదిలించి పక్కకు తప్పుకుంది. పిల్లలన్నీ చిన్న మబ్బులా చెదిరి, క్షణం తడబడి, అక్కడే కాచుకుని ఉన్న తండ్రి ఒంటికి చేరుకున్నాయి. ఆ తండ్రి కదిలితే ఒట్టు.

"మీ అన్నకు సూపియ్యాలె గిది," వదిన నా చెవిలో అంది. "తాగిన చాయ్ గ్లాసు గూడ తియ్యడు."

మేనేజరు చాలాసేపు చూశాడు. "ఒక్క లైటు వేస్తే..." అని మొదలుపెట్టి తనే తల అడ్డంగా ఊపుకున్నాడు. "వద్దులెండి, బెదురుతాయి. రబ్బరు చేపలు వేలాడదీస్తాం. హీరోయిన్ ఉండగా చేపల్నెవరు చూస్తారు?" అని, వచ్చినప్పటి చప్పుడు లేకుండా మెట్లెక్కాడు.

కొన్ని వారాలకు పిల్లలు సొంతంగా మేత తినసాగాయి. వాటిని వేరే తొట్టెలోకి మార్చమని మేడమ్ నా చేతికి వల ఇచ్చారు.

"అప్పుడేనా మేడమ్?" అంది వదిన.

"ఇంకా ఉంచితే తల్లి ఒళ్లు పుండవుతుందండీ."

వల దించాను. పిల్లలు వెళ్లిపోయాక ఆ జంట చేపలు కాసేపు పక్కపక్కనే నిలబడ్డాయి, ఇప్పుడు ఎవరి వంతో తెలియనట్టు. బిడ్డలు ఒంటిని అంటిపెట్టుకుని ఉండే కాలం, ఉన్నన్నాళ్లూ ఎప్పటికీ అయిపోనట్టే ఉంటుంది.