నీళ్ళు ఇంటివాళ్ళవి

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. "అయితది తీయ్" అన్న మాట చాలు. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా కట్టడం పనిలో ఉన్న ప్రతి మనిషీ ఆ ఒక్క మాటతోనే ఇళ్ళు లేపుతున్నాడని నాకు గట్టి నమ్మకం. సెంట్రింగ్ కర్ర వంకరగా ఉందంటే అయితది తీయ్. కంకరలో మట్టి ఉందంటే అయితది తీయ్. ఎవరు ఏం చేయాలో, ఎవరు ఏం తేవాలో ఒక్క ముక్క కాగితం మీద ఉండేది కాదు. ఇంటి ముందర చాయ్ తాగి "ఇగ నీ మీదనే భారం" అని ఒకరంటే, "నాది జిమ్మా" అని ఇంకొకరు అనేవాళ్ళు. అంతే, ఇల్లు లేచేది. ఇల్లు లేచాక అదే చోట నిలబడి ఒకరి నోట్లో ఒకరు నోరు పెట్టి అరుచుకునేవాళ్ళు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివి అప్పుడే బయటపడ్డ నాకు ఇదంతా చూస్తే ఒళ్ళు మండిపోయేది. (ఇప్పుడూ మండుతుంది. కాకపోతే ఇప్పుడు పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని మండుతున్నాను.)

మా మేనమామ స్లాబులు పోయించే గుత్తేదారు. మిక్సరు, సెంట్రింగ్ సామాను, పనివాళ్ళ గ్యాంగు అన్నీ ఆయనవే. వాటితోపాటు నిజామాబాద్‌లో ఒక సిమెంటు దుకాణం. చదువు అయిపోయింది కాబట్టి నేను ఆ దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని, వచ్చినవాళ్ళకు బస్తాలు చూపిస్తూ, చాయ్ చెప్తూ బతకాలని ఇంట్లో అందరి కోరిక. నాకేమో సైటు మీద నిలబడాలని. మామ వెంటపడి వెంటపడి ఆయన ప్రాణం తీశాను. చివరికి విసుగు పుట్టి, "సరే, రెంజల్ దిక్కు చెరుకు కాక ఇల్లున్నది గద. ఆ స్లాబు నువ్వే దగ్గరుండి పోయించు. మంచిగైతే నా సైట్లన్ని నువ్వే సూస్కో. చెడిందంటే మాత్రం మల్ల నోరెత్తకుంట దుకాణంల కూసోవాలె" అన్నాడు. నేను అక్కడికక్కడే ఒప్పుకున్నాను. చెరుకు కాక అంటే మామ దోస్తు, ఊరంతా ఆయన చెరుకే కనబడుతుంది కాబట్టి మేం పెట్టుకున్న పేరు అది.

అది మంచి చలికాలం. గోదావరి దిక్కు నుంచి కొట్టే గాలికి పొద్దున పళ్ళు టకటకమనేవి. మా పాఠ్యపుస్తకంలో మంచు పడే దేశాల్లో కాంక్రీటు ఎలా పోస్తారో ఒక అధ్యాయం ఉండేది. అక్కడ నీళ్ళు కాచి కలుపుతారట, పోసిన స్లాబుకు దుప్పట్లు కప్పుతారట. మన దగ్గర నీళ్ళు గడ్డకట్టేంత చలి ఎన్నడూ లేదనుకోండి. అయినా చలికి సిమెంటు ఆలస్యంగా గట్టిపడుతుందన్నది నిజమే కదా, నా చదువంతా ఈ ఒక్క స్లాబు మీద చూపించాలని కూర్చుని పెద్ద అగ్రిమెంటు రాశాను. మామ నవ్వాడు. "నోటి మాట మీద నిలవడనోడు కాయిదం మీద నిలవడతడా బిడ్డా?" అన్నాడు. నేను వినలేదు. కాక ఇంటి ముందర అందరినీ కూర్చోబెట్టి బడిపంతులులా గట్టిగా చదివాను: సెంట్రింగ్, మిక్సరు, మనుషులు మావి. సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు ఇంటివాళ్ళవి. చలి ఎక్కువుంటే నీళ్ళు వెచ్చగా ఇవ్వాలి. పోశాక గడ్డి కప్పాలి. పని మొదలుపెట్టినవాళ్ళే ముగించాలి, నడుమ మనిషిని మార్చకూడదు. (ఈ చివరిది మామను దృష్టిలో పెట్టుకుని నా కోసం నేను రాసుకున్నది.)

ఎవరు విన్నారు? కాక చెరుకు కోసే మనుషుల కోసం ఫోన్లో ఎవరి మీదనో మండిపడుతున్నాడు. మామ ఆవులించాడు. గ్యాంగు వాళ్ళు మాత్రం మేకమాంసం భోజనం గురించి ఒకే ఒక్క మాట అడిగారు: "అక్కా, స్లాబు నాడు యాటకూర ఎవలది?" నాకు తల కొట్టేసినట్టయింది. అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న కాక తల్లి, అందరికీ అవ్వ, ఆమె ఒక్కతే తలెత్తి చూసింది. "సలికి సిమెంటుకు ఏమైతది బిడ్డా?" అని అడిగింది. ఒక్కరైనా అడిగారన్న సంబరంలో నేను ఆమె పక్కన చేరి, "గట్టిపడది అవ్వా. పసిపిల్ల అసొంటిదనుకో. వేడి దొరకాలె" అని వివరంగా చెప్పాను. అవ్వ "అట్లనా" అంది. కాక చదవకుండానే సంతకం పెట్టాడు, మామ కూడా అంతే.

స్లాబు నాడు కొబ్బరికాయ కొట్టి మిక్సరు తిప్పారు. బోరు పైపు నీళ్ళతో పని జోరుగా సాగింది. కాగితంలో రాసిన ప్రకారం అవ్వ పెరట్లో చెరుకు ఆకు మంట పెట్టి, పెద్ద గంగాళంలో నీళ్ళు కాచి డ్రమ్ములో పోయించింది. పొగలు కక్కుతున్న ఆ డ్రమ్మును చూసి నా ఛాతీ ఉప్పొంగింది. నీళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. "మసి గావొచ్చు, అయితది తీయ్" అన్నాడు మేస్త్రీ. (జన్మలో మొదటిసారి నాకు ఆ మాటకు కోపం రాలేదు. రావలసింది అప్పుడే.) ఆ నీళ్ళు చివర మిగిలిన మూల గదికి సరిపోయాయి.

మరునాడు పొద్దున ఎక్కి చూస్తే స్లాబంతా గట్టిపడి ఉంది, మూల గది తప్ప. అక్కడ పిల్లి నడిచిన అడుగులు లోతుగా దిగి ఉన్నాయి. మామకు ఫోన్ చేస్తే "సలికి గట్లనే ఉంటది, అయితది తీయ్" అన్నాడు. ఫోన్ గోడకేసి కొడదామనుకున్నాను. ఇంకింత గడ్డి కప్పించాను. ఆ మరునాడు వేలు పెడితే వేలు దిగింది! సిమెంటు మంచిదే, ఇసుక మంచిదే, మిగతా స్లాబు రాయిలా ఉంది, మరి ఈ మూలకు ఏం రోగం? నాకు అన్నం సయించలేదు. కళ్ళు మూస్తే దుకాణంలో ఫ్యాను తిరుగుతూ కనిపించింది. దిగులుగా నిచ్చెన దిగుతుంటే చేతికి ఏదో చురుక్కుమంది. చీమ. చూస్తే నిచ్చెన పొడుగునా చీమల బారు, పెళ్ళి భోజనానికి పోతున్నట్టు మూల గది మీదికి పోతోంది.

గబగబా పోయి ఖాళీ డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. తియ్యగా ఉంది. తీపి తిని అంత కోపం తెచ్చుకున్నది నా జీవితంలో అదొక్కసారే.

"అవ్వా! నీళ్ళల్ల బెల్లం ఏసినవా?" అని ఊరు ఎగిరిపడేటట్టు అరిచాను. అవ్వ అనపకాయ ఒలవడం కూడా ఆపలేదు. "ఏసిన. ఏడి నీళ్ళు జరసేపైతే సల్లారుతయ్. బెల్లం ఏడి లోపట నిలుస్తది. బాలింతకు ఎందుకిస్తరు మరి? నువ్వే గద పసిపిల్ల అసొంటిదంటివి?"

"నేను బెల్లం ఏయుమన్ననా?"

"ఏయొద్దని గూడ అనలే. నీళ్ళు మాయని సదివినవ్. మా నీళ్ళు, మా బెల్లం. మా అత్తగారి పాత గోడకు సున్నంల బెల్లం నీళ్ళే పోసిండ్రు, ఇయ్యాల్టికి గడ్డపార దిగదు తెల్సా?"

"అది సున్నం అవ్వా! ఇది సిమెంటు! బెల్లం తగిలితే సిమెంటు గట్టిపడనే పడది!"

"గట్లనా? మరి గా ముచ్చట కాయిదంల రాయకపోతివి."

నాకు కోపంతో ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

మధ్యాహ్నానికి మామ దిగాడు. కాక ఎదురుపోయి, "పిల్లతోని ఏడైతది అన్నా, ఇగ నువ్వే నిలవడి సూడు" అన్నాడు. మామ స్లాబెక్కి చూసి, చీమలను చూసి, నన్ను చూసి, "నువ్వు బండెక్కు. రేపటి సంది దుకాణం" అన్నాడు. బెల్లం పోసింది ఒకరు, దుకాణం నాకు! నేను చెప్పులు విసిరికొట్టినట్టు తొడుక్కుని బండి దిక్కు నడిచాను.

"యాడికి పోతది?" అంది అవ్వ మామతో, అరుగు మీద నుంచే. "మొదలువెట్టినోళ్ళే ముగియ్యాలె, నడుమ మనిషిని మార్వొద్దని సదివింది గద. నా కొడుకు సంతకం వెట్టిండు, నువ్వు వెట్టినవ్. నీళ్ళియ్యుమన్నరు, ఇచ్చిన. ఎచ్చగ ఇయ్యుమన్నరు, ఇచ్చిన. గడ్డి కప్పుమన్నరు, కప్పిచ్చిన. ముసల్దాన్ని నేను కాయిదం మీద నిలవడ్డ. మొగోళ్ళు మీరు నిలవడరా?"

మామ బండి డిక్కీలోంచి మడతలు పడ్డ కాగితం తీసి, దుమ్ము దులిపి, మొదటిసారి చదివాడు. కాక కూడా పక్కన చేరి మొదటిసారి చదివాడు. కాగితం మళ్ళీ మడతలు పడి డిక్కీలోకి పోయింది. తర్వాత మామ "ఇటు రా, పలుగులు తెమ్మను" అన్నాడు నాతో. గట్టిపడని కాంక్రీటంతా దూలాల దాకా ఎత్తిపోయించి, ఇనుప చువ్వలు కడిగించి, మళ్ళీ పోయించాను. కాక సిమెంటు తెచ్చాడు, మామ మనుషులను తెచ్చాడు. పాడైతే ఎవరి పూచీ అన్నది కాగితంలో లేదు కాబట్టి ఇద్దరూ గొణుక్కుంటూనే తెచ్చారు. పని అయ్యేదాకా నేను నీళ్ళ డ్రమ్ము పక్క నుంచి కదలలేదు. అవ్వ నా వైపు గుర్రుగా చూస్తూ, "ఈసారి సలివెడితే నాకు సెప్పకు" అంది. ముంచింది ఆమే, తేల్చిందీ ఆమే. తిడదామంటే నోరు రాదు, దండం పెడదామంటే చేతులు రావు. అంతకంటే ఒళ్ళు మండే సంగతి లోకంలో ఉంటుందా?

మామ సైట్లన్నీ ఇప్పుడు నేనే చూస్తున్నాను. నా అగ్రిమెంట్లలో ఈనాటికీ ఒక వాక్యం ఉంటుంది: "నీళ్ళు ఇంటివాళ్ళవి. నీళ్ళలో నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదు." చూసినవాళ్ళు నవ్వుతారు, కొందరు అవమానం అనుకుంటారు. ఇప్పటికీ ఆసాంతం గట్టిగానే చదివి వినిపిస్తాను. అందరూ ఫోన్లు చూసుకుంటూ తలలూపుతారు, నాకు ఎప్పటిలాగే మండుతుంది. అట్లా ప్రతి మాటా చెవిన పెట్టి, ప్రతి మాట మీదా నిలబడ్డ మనిషి మళ్ళీ తగల్లేదు. అవ్వ పోయి చాలా కాలమైంది.

చలికాలంలో స్లాబు పోసే పొద్దున మాత్రం, మిక్సరు తిప్పే ముందు, అందరూ చూస్తుండగానే డ్రమ్ములో వేలు ముంచి నాకుతాను. మొక్కు అనుకుంటారు కొత్త పనివాళ్ళు. నీళ్ళు చప్పగా ఉంటాయి. చప్పగానే ఉండాలి, నేనే రాశాను. అయినా ప్రతిసారీ, ఎందుకో, ఆ చప్పదనం మీద కొంచెం కోపం వస్తుంది.