చెవులకెక్కిన పక్కా రంగు

నవ్వేటోళ్లు ముందే నవ్వుకోండ్రి. పది రోజుల నుంచి ఊరంత నవ్వుతనే ఉన్నది, మీరెందుకు ఆగాలె. కాని మీరు ఇన్నది సగమే. రాజేశం చెవులు, అంటె నా చెవులు, చిలకపచ్చగ అయినయని అందరు చెప్పిండ్రు, ఎట్లయినయో ఎవ్వరు చెప్పలే. చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

నాది ముందునుంచే కాలు నిలవని బతుకు. మగ్గం మీద తప్ప ఎక్కడ కుదురుగ కూసోను. ఆ వారమైతె ఇంక ఎక్కువైంది. హుజూరాబాద్‌ల బట్టల సేటు ఒకాయన హాస్టళ్లకు తువ్వాలలు పంపిస్తడు. "చిలకపచ్చ శాంపిల్ ఒకటి తే. రంగు పక్కా ఉంటె ఈ మూడు నెలల పని నీకే" అన్నడు. ఆ పని రాకుంటె నేను భివండి పోవుడే. మా తమ్ముడు ఆడనే సాంచెలు, అవే కరెంటు మగ్గాలు, నడుపుతుండు, ఎన్మిది మంది ఒక్క అర్రల పండుకుంటరట. ఇంట్ల నా మగ్గం నాకుండంగ పోయి ఇంకొకని సాంచె కాడ నిలబడాల్నంటె నాకు నిజంగనే భయమైంది.

అందుకే ఆగమాగం నూలుకు రంగేసిన, తువ్వాల నేసిన. "రంగు నూలు మంచిగ జాడించినవా?" అని అడిగింది నా పెండ్లాం సరోజన. "జాడించిన" అన్న. మూడుసార్లు జాడించాలె. నేను ఒక్కసారి జాడించిన. ఆ లెక్క ఆమెకు చెప్పలే.

తెల్లారంగనే సైకిల్ తీసిన. ఇగం, పొగమంచు, ఎట్లున్నదంటె ముంగటి చక్రం తప్ప ఏం కనవడతలేదు. "చెవులల్ల గాలి పోతది, మంకీ టోపీ పెట్టుకపో" అన్నది సరోజన. ఇంట్ల మంకీ టోపీ ఒక్కటే, అది మా బాపు నెత్తి మీద ఉంటది. ఒక్కసారి ఎక్కిందంటె శివరాత్రి దాక దిగది. "బాపూ, ఈ ఒక్కపూట టోపీ ఇయ్యరాదే" అన్న. "నీది వయసు రక్తం, నీకేమైతది" అనుకుంట ఇంకింత కిందికి గుంజుకున్నడు.

పదహారు కిలోమీటర్ల తొవ్వ. మూడు కిలోమీటర్లు పోయినంకనే చెవులు ఉన్నయో ఊడినయో తెలుస్తలేదు. ఒక చేత్తోని హ్యాండిల్ పట్టుకొని ఇంకో చేత్తోని ఈ చెవి రుద్దుతె ఆ చెవి సలుపుతుంది. కల్వర్టు కాడ ఆగిన. సంచిల ఉన్న బట్ట ఒక్కటే, పేపర్ల చుట్టిన శాంపిల్ తువ్వాల. శానసేపు ఆలోచించిన అంటె అబద్ధమైతది. దారం తెంపిన, నెత్తికి రెండు సుట్లు సుట్టి చెవులు మూసి గదువ కింద ముడేసిన. ఎంత హాయిగ ఉండెనో. నేను నేసిన బట్ట నన్నే కాపాడుతుందని జర గర్వం గూడ అయింది.

ఇగానికి తువ్వాల తడుస్తుందని నాకేం తెలుసు. చెవులు మూసుకున్నంక లోకంతోని పనిలేదు. క్రాస్‌రోడ్డు హోటల్ కాడ ఎవరో ఒకాయన నన్ను చూసి లేచి నిలబడి ఏందో ఒర్రిండు. నాకు "రంగు" అన్న మాట ఒక్కటే ఇనవడ్డది. "పక్కా రంగన్నా, గ్యారంటీ" అని చెయ్యి ఊపుకుంట పోయిన. ఇంకింత దూరం పోయినంక కూలికి పోయే ఆడోళ్లు నా దిక్కు చూపించి "రంగు, రంగు" అనవట్టిరి. తొవ్వ పొడుగుత నా తువ్వాలను మెచ్చుకుంటుండ్రు, ఇంక ఆర్డర్ వచ్చినట్టే అనుకున్న.

నవ్వకు మల్లేశం, చాయ్ ఒలుకుతది.

దుకాణం ముంగట తువ్వాల ఇప్పి మడతపెట్టిన. చేతులకు జర పచ్చగ అంటింది. ఎవ్వరు చూస్తలేరని ధోతికి తుడుసుకొని లోపలికి పోయిన. సేటు నన్ను చూసి అట్లనే ఉండిపోయిండు.

"ఏం రాజేశం, రంగు ఎట్లున్నది?"

"పక్కా సేటు. నా పానం పోతది గాని రంగు పోదు."

"నీళ్లు పడితె?"

"ఆరు నెలలు వానల ఏసి చూడుండ్రి."

సేటు గల్లపెట్టె మీది చిన్న అద్దం తీసి మెల్లగ నా దిక్కు తిప్పిండు. రెండు చెవులు చిలకపచ్చ, నొసటి మీద ఒక పట్టీ, చెంపల మీదికెళ్లి గదువ దాక కారిన గీతలు. సేటు తిట్టినా బాగుండు. "ముందు ఇది పోనీ. పోయినంక ఇంకో శాంపిల్ తీస్కరా" అని నా చెవులు చూపించిండు. "పచ్చ మాత్రం వద్దు, ఎర్రది తే."

తువ్వాల మీద గంట నిలవని రంగు నా చెవుల మీద వారం కూసున్నది. సబ్బు, కిర్సనాయిలు, నిమ్మకాయ, అన్ని అయినయ్. సరోజన బీరపీచు పట్టుకొని "నిజం చెప్పు, ఎన్నిసార్లు జాడించినవ్?" అన్నది. "ఒక్కసారి" అన్న. "అయితె కూసో, మిగిలిన రెండుసార్లు చెవులను జాడిస్త" అన్నది. ఒకదిక్కు చెవులు మండుతున్నయ్, ఇంకోదిక్కు సేటు ఆ పని వేరేటోళ్లకు ఇస్తడేమోనని మనసు ఆగుతలేదు. నూలుకు ఎర్ర రంగేసి ఏడుసార్లు జాడించిన. నీళ్లు తాగే నీళ్ల తీరుగ వచ్చేదాక ఇడిచిపెట్టలే.

తొమ్మిదో రోజు పొద్దుగాల బాపు తనంతట తనే టోపీ తీసి ఇచ్చిండు. నేను తీసుకోలే. పచ్చ పోయిన చెవులు సేటుకు చూపియ్యాలె గద. తువ్వాలను ముట్టకుంట, ఉత్త చెవులతోని పదహారు కిలోమీటర్లు తొక్కిన.

సేటు నా మొఖం దిక్కు గాదు, సీదా చెవుల దిక్కే చూసిండు. "ఈసారి ఎరుపా? మళ్ల సుట్టుకొని వచ్చినవా?"

అద్దంల చూస్తె రెండు చెవులు మోదుగుపూల తీరుగ ఉన్నయ్. "రంగు కాదు సేటు, సలి..." అంటనే ఉన్న. నా మాట ఇంటేనా. జేబుల దస్తీ తీసి నీళ్లల్ల ముంచి నా చెవి పట్టుకొని గట్టిగ రుద్దిండు. దస్తీ చూసుకున్నడు, తెల్లగనే ఉన్నది. రెండో చెవి రుద్దిండు, అప్పుడు గూడ తెల్లగనే ఉన్నది.

"ఇంత ఇగంల సుట్టుకొని వచ్చినా చుక్క అంటలే. రంగంటె ఇది" అని అప్పటికప్పుడే పని నాకు ఒప్పజెప్పిండు.

సుట్టుకోలే అని చెప్దామని నోరు తెరిచిన. భివండిల తమ్ముని అర్ర యాదికొచ్చి మళ్ల మూసుకున్న. ఏడుసార్లు జాడించిన తువ్వాల సంచిల పేపర్ల అట్లనే ఉన్నది, దారం గూడ ఇప్పలే. పాసైంది మాత్రం నా చెవులు.