సామి చుట్ట

తమిళనాడులో కోవిల్‌పట్టి పక్క నల్లరేగడిలో మిరప పండించే తెలుగు రైతు అళగర్సామి మామూలు రోజుల్లో నోట్లో నాలుక లేని మనిషి. సుడలైమాడన్ సామి ఒంటిమీదికి వస్తే మాత్రం ఊరంతా చేతులు కట్టుకోవాల్సిందే. చుట్ట వెలిగించి నోటికిస్తే, గుప్పున పొగ వదిలి వాక్కు చెబుతాడు. తాతనాటి నుంచి ఆ ఇంటి హక్కు అది. భార్య రుక్మణి చెప్పే ఆ గొప్ప వినీ వినీ ఆమె పుట్టింటివాళ్ల చెవులు చిల్లులు పడ్డాయి.

అళగర్సామికి మూత్రంలో నెత్తురు పడితే విరుదునగర్ ఆసుపత్రిలో మూత్రాశయంలోని కేన్సర్ గడ్డను తీశారు. పొగలోని విషం మూత్రంలోకి దిగి ఆ సంచిలోనే నిలుస్తుందనీ, పొగ మానకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువనీ డాక్టరమ్మ బృంద చెప్పింది. అళగర్సామి బీడీకట్టను అక్కడికక్కడే పారేశాడు. చుట్ట మాత్రం మానలేదు. ప్రతి శుక్రవారం వాక్కు కోసం వచ్చేవాళ్లు చుట్టలు తెస్తూనే ఉన్నారు, రుక్మణి అగ్గిపుల్ల గీస్తూనే ఉంది. తాగేది సామి కదా అనుకున్నారు ఇద్దరూ.

గడ్డ మళ్లీ వచ్చింది. చుట్టల సంగతి విని బృంద తల పట్టుకుంది. ఇది వాటివల్లేనని ఒట్టేసి చెప్పలేనంది. "సామి వచ్చినా సంచి మీదే కదయ్యా" అని మాత్రం తమిళంలో మెత్తగా అంది. తాను గీసిన అగ్గిపుల్లలు గుర్తొచ్చి రుక్మణి బస్సులో దారిపొడుగునా ఏడ్చింది.

రెండోసారి గడ్డ తీయించుకుని వచ్చాక సామికి ఊరంతా చేసే కొడై పండుగ వచ్చింది. చుట్ట వద్దంటే సామి ఈ ఇల్లు వదిలేశాడంటారు. తాగితే మనిషి దక్కడు. మిట్టమధ్యాహ్నం మేళం హోరెత్తింది, అళగర్సామి ఊగిపోయాడు. పూజారి కుమారసామి రగులుతున్న చుట్ట అందించాడు.

అళగర్సామి చుట్ట అందుకుని, నోటిదాకా తెచ్చి, వంగి సామి పీఠం ముందు మట్టిలో గుచ్చాడు.

"నా చుట్ట ఇంక ఈడనే పెట్టండ్రా. ఈడు నాకు ఇంకా శానా ఏండ్లు ఆడాల."

ఊరంతా దణ్ణం పెట్టింది. ఇంటికొచ్చాక రుక్మణి ఉండబట్టలేక అడిగింది.

"మామా, అది సామి చెప్పినాడా, నువ్వు చెప్పినావా?"

"ఎవురు చెప్తే ఏమే. నీళ్లు తే."

తర్వాతి పరీక్షలో సంచి శుభ్రంగా ఉంది. ఇకముందూ పరీక్షలు తప్పవని బృంద చెబుతున్నా రుక్మణి ముఖం వెలిగిపోతూనే ఉంది. సాక్షాత్తూ సామి చేతే చుట్ట మాన్పించిన మొగుడు మరి. పుట్టింటివాళ్ల చెవులకు మళ్లీ పని పడింది.