గోడకెక్కిన ఇటలీ వీధి

నంద్యాలలో నేను పనిచేసే ఇంటి డాక్టరమ్మ ఊరు వదిలిపోతూ సామాన్లు అమ్మకానికి పెట్టింది. వాటిలో ఇటలీ నుంచి తెచ్చిన నూనెరంగుల పటం ఒకటి ఉంది. ఇరుకు వీధి, రెండు పక్కలా ఎత్తైన ఇళ్లు, వానకు తడిసిన రాళ్లు. నాకప్పటికి అక్షరాలు రావు. తొమ్మిదేళ్లు రోజూ దాని దుమ్ము తుడిచాను కనుక ఆ వీధిలో ఎన్ని కిటికీలున్నాయో మాత్రం చూడకుండా చెప్పగలను.

పటాలు కట్టే సాయిబు వచ్చి చూశాడు. "చట్రం బాగుందమ్మా. బొమ్మ పీకేసి దేవుని పటం ఏసుకుంటా," అన్నాడు.

"పీకేది లేదన్నా. అది నేను కొంటాండా," అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. నా ఆఖరి జీతంలో పట్టుకోమంటే సరేనంది.

ఆళ్లగడ్డ బస్సులో పటాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. పటానికి చుట్టిన గోనెపట్టను మా అత్త విప్పింది.

"యా దేవుడు మే ఇది?"

"దేవుడు కాదత్తా. ఇటలీలో ఈది."

"మరి ఎవురు చచ్చినారు?"

మా ఇళ్లల్లో గోడకెక్కేది దేవుళ్లూ, చనిపోయినవాళ్లే.

"ఎవురూ చావలేదు. చూసుకుందామని తెచ్చుకున్యా."

"ఊరోళ్లు నవ్వుతారు. అటక మీద పెట్టు."

"నవ్వనీలే."

అటక మీద పెట్టడానికి కాదు నేను కొన్నది. మేకు తీసుకుని మా రాతిగోడకు గుండ్రాయితో కొట్టాను. రాళ్ల సందులో మట్టి రాలిపోయింది. ఇంకో చోట కొట్టాను. మూడోసారికి మేకు నిలిచింది. పటం తగిలించి వెనక్కి జరిగాను.

అత్త చాలాసేపు చూసింది.

"వంకరగా ఉండాది. ఆ పక్క రవ్వంత ఎత్తు," అంది.