మూత లోపల పడింది

డెబ్బైల తొలినాళ్లలో మా కొండాపూర్ వైపు ఊళ్లలో బీఎస్సీ చదివినవాణ్ని చూడటానికి పక్క ఊరి నుంచి కూడా వచ్చేవారు. నేను లెక్కల్లో ఫస్టు క్లాసు. ఆ సర్టిఫికెట్ చేతిలో ఉంటే లోకంలో ఏ పనైనా దానంతట అదే అవుతుందని నమ్మిన ఆ అమాయకుణ్ని తలుచుకుంటే ఇప్పుడు జాలేస్తుంది. (అప్పట్లో నేను మిగతావాళ్ల మీద జాలిపడేవాణ్ని.) పటాన్‌చెరులో రేకు డ్రమ్ములు చేసే చిన్న ఫ్యాక్టరీలో నన్ను సూపర్‌వైజరుగా తీసుకున్నారని తెలియగానే, కూలికి పోయి నన్ను చదివించిన నాయిన ఊరంతా తిరిగి చెప్పొచ్చాడు. పని మూడు నెలలు చూసి పర్మనెంటు చేస్తానన్నాడు సేటు. ఆ సంగతి మాత్రం నాయిన ఎవరికీ చెప్పలేదు.

అక్కడ రేకు కొలతలు పెట్టేది ఒక ముసలి మేస్త్రి. సంతకం రాదు. చెవి మీద బీడీ, మెడలో జనపదారం. డ్రమ్ము చుట్టూ ఆ దారం తిప్పి, దానికి తన బొటనవేలంత కలిపి, రేకు మీద గీత గీసేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. వ్యాసానికీ చుట్టుకొలతకీ ఉన్న సంబంధం తేల్చడానికి ఎందరో మేధావులు జీవితాలు ధారపోస్తే, ఈయన బొటనవేలు కలుపుతాడా! సేటు దగ్గరికి వెళ్లి, ఇకనుంచి కొలతలు నేనే ఇస్తానన్నాను.

నలభై చిన్న డ్రమ్ములకు మూతలు కావాలి. డ్రమ్ము నోటికి అడ్డంగా స్కేలు పెట్టి కొలిచి, నాలుగు దశాంశాల దాకా గుణించి, మూత అంచుకు కావలసిన పట్టీ పొడవు కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. మేస్త్రి దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అంత మంచిగనే ఉంది సారూ. గని అతుకు యాడ పెడ్తవు?"

"లెక్కలల్ల అతుకులుండవు మేస్త్రీ!"

"జెర ఒక్కటి చేసి సూద్దాం, ఇగ తర్వాత..."

"అవసరం లేదు. అన్నీ కోయుండ్రి."

కోశారు. వంచారు. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఎక్కించి రివెట్లు కొట్టారు. ఎక్కించిన చోట బొటనవేలంత రేకు పోయింది. పైగా నేను కొలిచింది డ్రమ్ము లోపలి అడ్డం, మూత ఎక్కాల్సింది బయటి నుంచి. ఈ రెండు ముక్కలూ నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు.

సేటు స్వయంగా వచ్చి మొదటి మూత డ్రమ్ము మీద పెట్టాడు. అది సుతారంగా, ఎక్కడా తగలకుండా లోపలికి దిగి అడుగున గుడుమ్మంది. రెండోదీ అంతే. మొదట్లో కిసుక్కున నవ్విన కూలీలు ఏడో గుడుంకి తలలు దించుకుని రివెట్ల డబ్బాలు సర్దుకోసాగారు. నా ప్రాణం అక్కడే పోయింది.

"క్యా హై యే? మూతనా, రెండో అడుగునా?" అన్నాడు సేటు.

మేస్త్రి అడ్డం వచ్చాడు. "తప్పు నాది సేటూ. సారు మంచిగనే రాసిచ్చిండు. నేనే తక్కువ కోసిన."

ఆ అబద్ధం వెనక దాక్కోవాలని నాకెంత ఆశ పుట్టిందో చెప్పలేను. నాయిన ముఖం కళ్ల ముందు ఆడింది. నోరు తెరవలేదు కూడా. (నిజాయితీపరుణ్నని చెప్పుకోవడానికి నాకు అర్హత లేదు.) కానీ రాగానే మేస్త్రి దగ్గర తీసుకున్న నా కాగితం సేటు జేబులోనే ఉంది. తీసి కొలిపించాడు. పట్టీలు నాలుగు దశాంశాలతో సహా నేను రాసినట్టే ఉన్నాయి.

సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది. గేటు దగ్గర మేస్త్రి ఒక మూత నా చేతిలో పెట్టాడు. "తీస్కపో సారూ, దేనికన్న సరిపోతది."

ఊళ్లో బస్సు దిగితే నాయిన ఎదురొచ్చాడు. "ఏంది బిడ్డా, పర్మనెంటు చేసిన్రా?" అని, నా చేతిలో మూత చూసి, దాన్ని తన చేతిలోకి తీసుకుని ముందు నడిచాడు. ఆ నడక ఇప్పటికీ మరిచిపోలేను.

తర్వాత సంగారెడ్డిలో లెక్కల పంతులునయ్యాను. స్థూపం చుట్టుకొలత చెప్పినప్పుడల్లా "అతుకుకు బొటనవేలంత కలపండి" అనేవాణ్ని. దర్జీ కొడుకూ, వడ్రంగి కొడుకూ "మా ఇంట్ల గూడ గట్లనే కలుపుతరు సార్" అని సంబరపడేవారు. నమ్మి అలాగే రాసిన పిల్లలందరికీ పరీక్షల్లో మార్కులు పోయాయి.

మూత ఇంకా ఉంది. ఇంట్లోకి కొత్త బకెట్ వచ్చినా, గంగాళం వచ్చినా, మా ఆవిడ చూడకుండా పెట్టి చూస్తాను. మొన్న కొత్త బియ్యం డబ్బా వచ్చింది. పెట్టాను. గుడుం.

"మళ్ల పెట్టినవా?" అంది ఆవిడ వంటింట్లోంచి.

ఆ ఫస్టు క్లాసు కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకున్నాను. డబ్బాలోకి వంగి మూత తీసి, తుడిచి, మళ్లీ అటక మీద పెట్టాను.